రిజర్వాయరు గట్టు మీద ఫైబరు పక్షులు

శ్రీయుత టౌన్‌షిప్ ఎస్టేట్ ఆఫీసరు గారి సముఖమునకు,
హజీరా, సూరత్.
డిసెంబరు 2021

అయ్యా,

విషయం: ఎత్తు రిజర్వాయరు పార్కులోని ఫైబరు పక్షులను తొలగించుట గురించి.

పంపుహౌసు కార్మికుడు బుచ్చిరాములు విన్నవించుకొనునది. హిందీలో ఇచ్చిన అర్జీకి జవాబు లేదు. తమరు తెలుగువారు గనుక ఈసారి మన భాషలో రాస్తున్నాను. అర్థం కాలేదనే సాకు ఉండదు.

1. నా భార్య ఎల్లవ్వ మొన్నటి ఎండాకాలం కరోనాతో చావుదాకా పోయి వచ్చినది. ఊపిరితిత్తులు బాగుపడుటకు రోజూ నడిపించమని డాక్టరు ఆదేశం. ఆమె మంచం దిగలేదు. చలికాలం రాగానే రిజర్వాయరుకు పొడుగు కాళ్ళ గులాబీ పక్షులు వచ్చినవి. వాటి కోసం గట్టు మెట్లు ఎక్కసాగినది. సగంలో కూలబడి రొప్పుతూ, "రేపు ఇంక జర పైకి పోదాం" అనేది.

2. అంతలో తమరు దానిని పక్షుల వీక్షణ పార్కుగా ప్రకటించి, గేటు దగ్గర గాఠియా అనే శనగపిండి జంతికల బండి పెట్టించినారు. తాపీ నది మీది పక్షులకు గాఠియా విసిరి పుణ్యం కట్టుకొనుట ఈ ఊరి అలవాటు. మా పక్షులు దానిని ముట్టలేదు. ముట్టినవి కుక్కలు.

3. కుక్కల మందకు జడిసి పక్షులు లేచిపోయినవి. మాస్కులు గడ్డాలకు వేలాడేసుకున్న జనం మాత్రం పోలేదు. నీటి మీద నూనె, గట్టంతా గుట్కా ఉమ్ములు. ఆ నీళ్ళే నేను పంపు చేస్తాను, తమరే తాగుతారు.

4. ఫిర్యాదు చేయగా తమరు బండిని తీయలేదు, కుక్కలను తరమలేదు. ఫైబరు పక్షులు తెప్పించి, పొట్టలో బల్బులు పెట్టి, గట్టు మీద నిలబెట్టినారు. రిబ్బను కూడా కత్తిరించినారు. థూ! క్షమించవలెను, ఈ మాట కొట్టివేయడం లేదు.

5. ఎల్లవ్వకు దూరపు చూపు ఆనదు. కిటికీలోంచి వాటిని చూసి తొలిరోజు సంబరపడినది. ఆ తర్వాత, "గా పిట్ట కదుల్తలేదు, తింటలేదు. దానికి గూడ నా రోగమే అచ్చిందా?" అని దిగులు పట్టుకున్నది. నిద్రపోతున్నదని చెప్పినాను. నమ్మలేదు. మెట్లు మానేసి మళ్ళీ మంచమెక్కినది.

కావున పై సంగతులు చిత్తగించి, బండినీ బొమ్మలనూ వెంటనే తీయించవలెను.

ఈ అర్జీ వరకు తమ విధేయుడు,
బుచ్చిరాములు

తా.క.: ఎవరికి రాస్తున్నావని మంచంలోంచి ఎల్లవ్వ అడిగింది. పిట్టల సారుకన్నాను. "దవఖానల నన్ను బోర్ల పండబెట్టిండ్రు గదా, గా పిట్టను గూడ గట్లనే పండబెట్టుమను. ఊపిరి ఆడుతది" అన్నది. ఆమె మాట రాశాను. అది బొమ్మ అని తమరే వచ్చి చెప్పండి సారూ, నాకు నోరు రాదు.