బస్తాకు రెండో కొస

అమ్మా,

ఇది నీకు చేరదని తెలిసినా కుదురుగా కూర్చోలేక రాస్తున్నాను. నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. తమ్ముడు జైలు నుంచి వచ్చి పది రోజులైంది. ఈ పొద్దున వాణ్ణి నాతోపాటు ఆర్మూరు పసుపు మార్కెట్‌కు హమాలీ పనికి తీసుకెళ్లాను.

బస్తా వీపుకెక్కించాలంటే ఇద్దరు చెరో కొస పట్టాలి. తమ్ముడు వంగి నిలబడ్డాడు. ఒక కొస నేను పట్టాను. రెండోది పట్టడానికి ఎవరూ రాలేదు.

"చిన్నపిల్లను ఖరాబు జేసినోనికి మేం చెయ్యి వెట్టం," అన్నాడు మా మేస్త్రీ.

"జైల్ల గూడ నా పక్కన ఎవ్వలు గూసోని తినలే," అన్నాడు తమ్ముడు, నేల చూస్తూ.

నాకు ఒళ్లు మండింది. "ఏడేండ్ల శిక్ష అయిపాయె గదా! ఇంకెన్నేండ్లు?" అని అరిచాను.

"గా పిల్ల ఇప్పుడెట్లున్నదో ఎర్కేనా నీకు?" మేస్త్రీ మెల్లగా అడిగాడు.

పట్టుకున్న కొస చేతిలోంచి జారిపోయింది.

నువ్వున్నన్నాళ్లూ మనిద్దరం జైలుకు ములాఖత్‌కు వెళ్లిన ప్రతిసారీ, తిన్నావా, నిద్ర పడుతోందా అని వాణ్ణి అడిగి వచ్చాం. ఆ పిల్ల ఇల్లు మనకు నాలుగిళ్ల అవతలే. ఎట్లా ఉన్నావని నువ్వూ అడగలేదు, నేనూ అడగలేదు.