చెరపని బొట్టు

తెనాలి, బుధవారం.

అమ్మమ్మా, ఫోన్లో నీకు సరిగ్గా వినపడదని ఈ కార్డు. నేనూ క్షేమమే, కారూ క్షేమమే, కంగారుపడకు.

ఇక్కడి షెడ్డువాళ్లు కొత్త రేడియేటర్ వేశామన్నారా, బాపట్ల చేరకుండానే పిట్టలవానిపాలెం దగ్గర ఇంజను మళ్లీ ఆవిర్లు కక్కింది. ట్రాక్టరుకు కట్టి లాగించుకొచ్చి నిలదీశాను. "కొత్తదేనండి మేడం, మీరే నీళ్లు చూసుకోలేదు" అని ఓనరు నన్నే దబాయించాడు. బానెట్ ఎత్తించాను. రేడియేటర్ తళతళలాడుతోంది, దాని నెత్తిన మాత్రం దసరాకి నువ్వు పెట్టిన మూడు కుంకుమ బొట్లు! ఇంజనుకి బొట్లేంటని ఆ రోజు నవ్వానుగా, అవే.

"కొత్తదానికి మా అమ్మమ్మ బొట్లు ఎలా వచ్చాయండి?" అన్నాను.

పక్కనున్న మెకానిక్కు నోరు జారాడు: "అంతా కడిగానండి. పూజ బొట్టు చెరిపితే పాపమని అది మాత్రం వదిలేశాను."

షెడ్డంతా ఘొల్లున నవ్వింది. వినియోగదారుల కమిషన్‌కు వెళ్తానని నేను అనేలోపే ఓనరు నాకు కుర్చీ వేశాడు. సాయంత్రానికల్లా నా కళ్లెదుటే పెట్టె విప్పి కొత్తది బిగించారు. డబ్బు ఊసే ఎత్తలేదు.

మోకాలికి తైలం రాసుకుంటున్నావా? పేరాల చీరలవాళ్లు వస్తే నాకో నీలం రంగుది తీసి ఉంచు. తాతయ్యకు నా దణ్ణాలు చెప్పు. ఆదివారం ఈ కారులోనే రేపల్లె వస్తున్నాను. కొత్త రేడియేటర్ బోసిగా ఉంది, కుంకుమ నూనెలో చిక్కగా కలిపి ఉంచు. ఈసారి గేరుబాక్సు కూడా వదలకు.

నీ మనవరాలు
వాగ్దేవి