తోడెవరు వచ్చారు

పుంగనూరు,
ఆదివారం.

ప్రియమైన రమ్యకు,

పెళ్ళయి నెలన్నర కూడా నిండని మొగుడు పెళ్ళానికి ఉత్తరం రాస్తున్నాడంటే నువ్వు నవ్వుకుంటావు, లేదంటే భయపడతావు. రెండూ వద్దు. ఫోన్‌లోనే చెబుదామని చాలాసార్లు నీ నంబరు నొక్కాను. నువ్వు "చెప్పండి" అనగానే ఆ రోజు టమాట ధర చెప్పి పెట్టేశాను. నీకు టమాట ధరతో ఏం పని? అందుకే ఈ కాగితం.

ఆషాఢానికి నిన్ను తీసుకుపోవడానికి మీ నాన్న వచ్చిన రోజు బస్టాండులో నువ్వు అడిగిన మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు. "ఆషాఢం అయినాక తీసకపోయేదానికి వస్తారా, లేకుంటే ఆడనే ఉండిపొమ్మంటారా?" అన్నావు. నేను నీ బ్యాగు పైన పెట్టి బస్సు దిగిపోయాను. నువ్వు కిటికీలోంచి చూడలేదు. నేనంటే నీకు విరక్తి వచ్చిందేమోనని ఆ రోజు నుంచి ఒకటే గుబులు.

నువ్వు అలా అడగడంలో తప్పులేదు. రాత్రి లైటు తీసేదాకా నీ దగ్గరికి రాను. బనియన్ విప్పను. నీ చేయి నా ఎద మీదికి వస్తే పక్కకు తిరుగుతాను. ఒకసారి నువ్వు ముద్దుగా "ఉమా" అని పిలిస్తే కసిరాను కూడా. నువ్వు నాకు నచ్చలేదని అనుకుని ఉంటావు. దేవుడి మీద ఒట్టు, అది కాదు.

రమ్యా, నా ఎద మగవాళ్ళకు ఉండేలా లేదు. ఎనిమిదో తరగతిలో మొదలైంది. వయసు వస్తే పోతుందని అందరూ అన్నారు. కొందరికి పోతుందట, నాకు పోలేదు. గుర్రంకొండ హాస్టల్లో తొట్టి దగ్గర అందరం వరసగా నిలబడి స్నానం చేయాలి. అక్కడ నా పేరులో శంకర్‌ని కోసేశారు. 'ఉమక్క' అనేవాళ్ళు. తువ్వాలు లాగేవాళ్ళు. మిగతాది రాయలేను, నువ్వే ఊహించుకో. అప్పటినుంచి లోపల బిగుతు బనియన్, పైన ముదురు రంగు చొక్కా. మండీలో టమాట వేలం జరిగేటప్పుడు జనమంతా చొక్కాలు విప్పి భుజాన వేసుకుంటారు. నేను మాత్రం అట్టను ఎదకు ఆనించి పట్టుకుని లెక్కలు రాస్తుంటాను.

మన పెళ్ళిలో నలుగు గుర్తుందా? మా అత్తలంతా పసుపు గిన్నెలతో చుట్టూ చేరి "బనియన్ తియ్యప్పా, పెండ్లికొడుకువు గదా" అంటే జలుబు చేసిందన్నాను. మే నెల ఎండలో జలుబు. మా అమ్మ మాత్రమే తల వంచుకుని, బనియన్ మీదనే పసుపు రాసి పంపేసింది. ఆమెకు ఒక్కదానికే తెలుసు. జ్వరం వచ్చి నేను మాత్ర వేసుకుని పడుకున్న రాత్రి కూడా ఆమే నా బనియన్ మార్చింది. పొద్దున లేచి చూస్తే ఒంటి మీద పొడి బనియన్ ఉంది. ముందు నువ్వు చూశావేమోనని ప్రాణం పోయింది. నువ్వు మామూలుగా కాఫీ తెచ్చి ఇచ్చాక గానీ కుదుటపడలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మదనపల్లెలో ఒక ఆసుపత్రికి గురువారం గురువారం ఒక ప్లాస్టిక్ సర్జన్ వస్తాడు. పోయి చూపించుకున్నాను. రక్త పరీక్ష, స్కానింగ్ చేయించాడు. ఇది చెడ్డ జబ్బు కాదట, చాలామంది మగవాళ్ళకు ఉంటుందట, ఎవరూ చెప్పుకోరట. ఆ మాట వినగానే నాకు ఏడుపొచ్చింది. ఆయన చూడనట్టు కంప్యూటర్ వైపు తిరిగాడు, మంచివాడు.

ప్రశ్నలు అడగడం మొదలుపెడితే ఆపలేకపోయాను. నొప్పి ఉంటుందా అంటే, మత్తు ఇస్తాం, తర్వాత కొన్నాళ్ళు నొప్పి ఉంటుంది, మాత్రలకు తగ్గుతుందన్నాడు. మచ్చ కనబడుతుందా అంటే, నల్లటి భాగం అంచున చిన్న గీత ఉంటుంది, పోనుపోను కలిసిపోతుంది గానీ పూర్తిగా పోతుందని మాట ఇవ్వనన్నాడు. వాపు, కమిలిన రంగు కొన్ని వారాలు ఉంటాయట. కొన్నాళ్ళు స్పర్శ తెలియకపోవచ్చట. నెలకు పైగా బిగుతు చొక్కా ఒకటి రాత్రీ పగలూ వేసుకోవాలి. దానికి నాకు నవ్వొచ్చింది, నేను పదిహేనేళ్ళుగా అదే పని చేస్తున్నాను. బరువు ఎత్తకూడదు, కొన్నాళ్ళు చేతులు పైకి లేపకూడదు. లావెక్కితేనో, కొన్ని రకాల మందులు వాడితేనో మళ్ళీ రావచ్చట. మత్తులో ఉండగా ఏమైనా అయితే అని కూడా అడిగాను. ఏ ఆపరేషన్‌కైనా కొంత ప్రమాదం ఉంటుంది, అందుకే ఇన్ని పరీక్షలు అన్నాడు. ఆ జవాబుకు ఇంకా భయమేసింది. చివరికి, "సార్, మా ఆవిడికి తెలుస్తుందా?" అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి, "అది ఆయమ్మనే అడగాల్సిన ప్రశ్న గదప్పా" అన్నాడు.

ఈ గురువారమే ఆపరేషన్. ఆషాఢం ఎందుకు ఎంచుకున్నానో నీకు అర్థమై ఉంటుంది. ఈ నెలంతా నేను మీ ఇంటికి రాకూడదు, నువ్వు మా ఇంటికి రాకూడదు. నువ్వు శ్రావణంలో తిరిగి వచ్చేసరికి కొత్త మనిషిలా ఎదురొద్దామనుకున్నాను. నీకు ఎప్పటికీ చెప్పకూడదనే అనుకున్నాను. కానీ మత్తు మాట విన్నాక, ఏదైనా అయితే నువ్వు నచ్చలేదనే అనుకుంటూ బతుకుతావు కదా అని భయమేసింది. నువ్వు రావద్దు. ఎవరికీ చెప్పవద్దు. తెలిసి ఉంటే చాలు.

నీ,
శంకర్


మదనపల్లె,
గురువారం.

రమ్యా,

ఆసుపత్రి ఎదురుగా టీ అంగట్లో కూర్చుని రాస్తున్నాను. ఆపరేషన్ కాలేదు. వెనక్కి పంపేశారు.

పొద్దున పరగడుపున పోయాను. గౌను కూడా చేతికిచ్చారు. అప్పుడు నర్సమ్మ వచ్చి, "తోడెవురొచ్చిండారప్పా?" అంది. మత్తు ఇచ్చే మనిషికి తోడు తప్పదని పోయినసారే చెప్పారట, ఆ భయంలో నాకు చెవికెక్కలేదు. "మా అన్న కింద బండి పెడతాండాడు" అన్నాను. నాకు అన్న ఎక్కడున్నాడు? కిందికి పరుగెత్తి, నన్ను తెచ్చిన ఆటో అతన్ని బతిమాలి పైకి తీసుకొచ్చాను. పేరు అమ్జద్. పాపం, మంచి మనసుతో వచ్చి నా పక్కన గంభీరంగా నిలబడ్డాడు.

నర్సమ్మ అతన్ని, "మీ తమ్ముని పేరేమప్పా?" అంది.

అమ్జద్ నా వైపు చూశాడు. తొందరలో నేను పేరు చెప్పలేదు. చొక్కా, గౌను, గోడ మీద క్యాలెండర్ అన్నీ చూసి, చివరికి "ఇంట్లో చిన్నోడా అని పిలుస్తామమ్మా" అన్నాడు. నర్సమ్మ నవ్వు ఆపుకుంటూ పోయి డాక్టరుకు చెప్పింది. ఆయన నవ్వలేదు. సొంత మనిషి లేకుండా చేయనన్నాడు. "వచ్చే వారం రా. మెలకువ వచ్చేటప్పుడు నీ పక్కన నిన్నెరిగిన వాళ్ళుండాల" అన్నాడు.

బయటికి వచ్చాక అమ్జద్, "ఇంట్లో ఎవురూ లేరా అన్నా?" అని అడిగాడు. అమ్మకు ఆసుపత్రి వాసనకే కళ్ళు తిరుగుతాయి. నాన్న పోయినప్పటినుంచీ అంతే. స్నేహితులకు చెబితే మండీ అంతా ఉమక్క అంటుంది. మిగిలింది నువ్వొక్కదానివే. నిన్ను రావద్దని రాశాను, పైగా ఆషాఢం, పైగా నువ్వు నా ఉత్తరం చదివి అసహ్యించుకున్నావో ఏమో కూడా తెలియదు. మూడు రోజులుగా నీ నుంచి ఫోన్ లేదు. మోగితే నువ్వేనేమోనని భయం, మోగకపోతే ఇంకా భయం.

సిగ్గు విడిచి అడుగుతున్నాను. రాగలవా?

శంకర్


కుప్పం,
శనివారం.

శ్రీవారికి,

మీ రెండు ఉత్తరాలూ ఒకే రోజు చేరాయి. ఫోన్ ఎందుకు చేయలేదో ఇప్పుడైనా తెలిసిందా? ఈసారి ప్రాణం మీదికి వచ్చే మాట పోస్టులో వేయకండి. మీరు ఒంటరిగా మత్తు సూది కోసం కూర్చున్న పొద్దున నేను ఇక్కడ అక్క పిల్లలకు జడలు వేస్తూ ఉన్నాను. తలుచుకుంటే మీ మీద చాలా కోపంగా ఉంది.

అమ్జద్ సంగతి చదివి నవ్వాను, మళ్ళీ ఏడ్చాను. దారిన పోయే మనిషిని అన్నను చేసుకున్నారు గానీ, పెళ్ళాన్ని పెళ్ళాం అనుకోలేకపోయారు.

డాక్టరు జవాబు చెప్పని ప్రశ్న ఒకటి మిగిలింది కదా, మా ఆవిడికి తెలుస్తుందా అని. నన్నే అడగమన్నారు కాబట్టి చెబుతున్నాను. ఆ జ్వరం రాత్రి మీ బనియన్ మార్చింది అత్తమ్మ కాదు, నేను. చెమటకు తడిసి ముద్దయింది. కరెంటు లేదు, టార్చి పెట్టుకుని విప్పి, ఒళ్ళు తుడిచి, పొడిది తొడిగాను. అంతా చూశాను. చూసి, పక్కనే పడుకుని నిద్రపోయాను. పొద్దున కాఫీ తెచ్చి ఇచ్చింది అంతా తెలిసిన మనిషే.

నాకు మీ ఒళ్ళు కష్టం అనిపించలేదండీ. మళ్ళీ రాత్రికి మీరు లైటు తీసి అటు తిరిగారే, అది కష్టం అనిపించింది. నాకు తెలిసిందని చెబితే మీరు చిన్నబోతారని ఊరుకున్నాను. మీరుగా చెబుతారని రోజూ చూశాను. చెప్పకపోయేసరికి, నన్ను సొంత మనిషి అనుకోవడం లేదనిపించింది. బస్టాండులో ఆ మాట అందుకే అన్నాను.

ఆపరేషన్ మీ కోసమైతే చేయించుకోండి. చొక్కా విప్పి వాకిట్లో గాలికి కూర్చోవాలని మీకుంటే అంతకంటే కారణం అక్కరలేదు. నా కోసమైతే మాత్రం వద్దు. ఆలోచించి చెప్పండి. ఎలా చెప్పినా నేను వస్తున్నాను.

ఇంట్లో చెప్పేశాను. ఆపరేషన్ అన్నాను, ఏ ఆపరేషన్ అనేది చెప్పలేదు. మా అమ్మ, "ఆషాఢంలో మొగుని దగ్గిరికి పోతే నలుగురూ ఏమంటారే? అత్తా కోడలూ ఒకే గడప తొక్కకూడదని తెలీదా?" అని మొదలుపెట్టింది. "ఆస్పత్రికి పోతాండా మా, కాపురానికి కాదు" అన్నాను. నాన్న నవ్వుతూ లేచిపోయి బస్సు టైము కనుక్కుని వచ్చాడు.

డాక్టరును నేను అడగాల్సినవి కూడా ఉన్నాయి. ఆ బిగుతు చొక్కా ఉతికినప్పుడు మార్చుకోవడానికి రెండోది ఉంటుందా? చేతులు పైకి ఎత్తకూడదంటే తల ఎవరు దువ్వాలి? దీనికి జవాబు నాకు తెలుసు, ఆయన నోటితో చెప్పించి మీకు వినిపించాలి.

బుధవారం సాయంత్రం మదనపల్లె బస్టాండులో దిగుతాను. ఈ ఉత్తరం ఆలస్యమైతే ఆ సంగతి ఫోన్‌లో చెబుతాను. మా పిన్ని కూతురు ఉషా అక్కడే ఉంటుంది, ఆ రాత్రి వాళ్ళింట్లో ఉంటాను, మా అమ్మ ఆషాఢం చెడిపోకుండా. అత్తమ్మను ఇంట్లోనే ఉండమనండి. ఇంటి గడప ఈ నెలకు ఆమెది. ఆసుపత్రి గడప నాది. నర్సమ్మ తోడెవరు వచ్చారని అడిగితే మీరు తడుముకోవద్దు, నేనే చెబుతాను. మీ పేరు కూడా అడగనివ్వండి.

మీ,
రమ్య