చూరులో పెట్టిన గొడ్డలి

కడప, 12 మే 1956

మనస్తత్వశాస్త్రంలో ఎం.ఏ. ఒక్కటే చాలదని, హంతకుల మతిని పరీక్షించడం నేర్చుకోమని నన్ను ఈ జైలుకు పంపారు. ఇవాళ మొదటిసారి ప్రశ్నలన్నీ నేనే అడిగాను.

ముద్దాయి ఆలూరు దగ్గరి రైతు. గట్టు తగాదాలో సొంత అన్నను గొడ్డలితో నరికాడు. కిందపడ్డాక కూడా ఆగలేదు. తొమ్మిది దెబ్బలకు ముఖమన్నది మిగల్లేదు. పిచ్చిలో చేశాడని వకీలు వాదన.

"ఆ పొద్దు నాకేం తెలీలేదు సార్, కండ్లు కమ్మినాయి" అన్నాడు.

పక్కనే కూర్చున్న జైలు డాక్టరుగారు నేర్పినట్టే, నరికాక ఏం చేశావని అడిగాను.

"ఇంటికొచ్చి గొడ్డలి కడిగి చూరులో పెట్టినా సార్. కింద పెడితే పిల్లోళ్లు తొక్కుతారు గదా."

"శానా బాగా గుర్తు పెట్టుకున్నావప్పా" అన్నాను. సంబరంగా నవ్వాడు.

డాక్టరుగారు నా భుజం తట్టారు. "పిల్లలు తొక్కుతారని ఆలోచించినవాడికి మతి లేదంటే ఏ జడ్జీ నమ్ముతాడు? రాయి."

మతి స్థిమితంగానే ఉందని రాసి సంతకం పెట్టాను. ఆ ఒక్క మాటతో అతనికి ఉరి ఖాయం. నేను అడక్కపోతే ఆ గొడ్డలి సంగతి చెప్పేవాడే కాదు. ఈ పాడు పెన్ను విరగ్గొట్టాలని ఉంది.

జవాను అతన్ని తీసుకుపోతుంటే తలుపు దగ్గర ఆగి ఆశగా అడిగాడు.

"పిల్లోళ్ల మాట గూడా రాసుకున్నారా సార్?"

"రాసుకున్నానప్పా" అన్నాను.

చేతులెత్తి దండం పెట్టాడు.