ఆ విజిల్ నేనూ విన్నాను

సులోచనా,

బాగున్నావా అని అలవాటు కొద్దీ రాయబోయాను. నువ్వు వెళ్ళిపోయి ఎనిమిది నెలల పదకొండు రోజులైంది. ఇన్నాళ్ళలో నీకు ఒక్క ముక్క రాయలేదు. పెళ్ళయిన కొత్తలో నువ్వు బోరబండలో మీ అమ్మగారింట్లో ఉన్నప్పుడు రాసిన ఉత్తరాలే ఆఖరు. అవి చదివి "ఆఫీసుల ఫైలు లెక్క రాసిండ్రు, గీంట్ల నేనేడున్న?" అని నవ్వేదానివి. ఇదీ అలాగే ఉంటుందేమో... ఓర్చుకో.

రేపు సోమవారం. పొద్దున పశువుల డాక్టరును ఇంటికి రమ్మన్నాం, షేరుకి ఇంజెక్షను చెయ్యడానికి. ఏ ఇంజెక్షనో నీకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఏర్పాటు చేసింది మీ తమ్ముడు నరేందర్. సరేనన్నది నేను. ఎందుకు సరేనన్నానో చెప్పాలంటే ఇంకో సంగతి చెప్పాలి. అది నీ దగ్గర ఏడాదిన్నర దాచాను. నువ్వు పోయేదాకా దాచాను.

దానికి ధైర్యం చాలడం లేదు. ముందు ఇల్లు ఎలా ఉందో రాస్తాను.

నీ వంటింటి కిటికీలోంచి ఇప్పుడు గుట్టలు కనబడవు. అక్కడ నాలుగంతస్తుల గోడ లేచింది. ఎడమవైపు ఇంకోటి, వెనక ఇంకోటి. మనం స్థలం కొన్నప్పుడు ఇటు బస్సే లేదని మా వాళ్ళంతా నవ్వారు గుర్తుందా? ఇప్పుడు మాదాపూర్ అనగానే అందరూ కళ్ళు పెద్దవి చేస్తున్నారు. ఆ గుండ్రటి కంప్యూటర్ల భవనం అద్దాల మీద పడ్డ ఎండ సాయంత్రం మన హాల్లోకి వస్తుంది. మెడలో కార్డులు వేసుకున్న పిల్లలు మన సందులోంచే నడిచి వెళ్తుంటారు. ఊరంతా ఎక్కడికో పరిగెడుతోంది. నేను మాత్రం మూడు గోడల మధ్య కుక్క పొట్ట నొక్కుతూ కూర్చున్నాను.

పొద్దున ఆరింటికి ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఆరింటికి ఒకసారి. దాని ఉచ్చ అది పోసుకోలేదు కదా. నువ్వు ఎడమచేత్తో వీపు పట్టుకుని కుడిచేత్తో మెల్లగా అదిమేదానివి, నిమిషంలో అయిపోయేది. నాకు పావుగంట. భోజనాల వేళ ఆఫీసు నుంచి స్కూటరు వేసుకుని పరిగెత్తుకొస్తాను. నొక్కుతాను, తుడుస్తాను, నేల మీద ఈడ్చుకుని ఒరుసుకుపోయిన చోట పసుపూ కొబ్బరినూనే రాస్తాను, మళ్ళీ పరుగు. నువ్వు దానికి నా పాత ప్యాంట్లు కత్తిరించి లాగులు కుట్టావు. అవి చిరిగిపోతే ఇప్పుడు నేనే కుడుతున్నాను. నా కుట్టు చూస్తే నువ్వు ఆ లాగు తీసి నా మొహాన కొడతావు.

తెనాలిలో మా చెల్లెలి కూతురి పెళ్ళికి వెళ్ళలేదు. రాత్రికి ఉండాలి కదా... ఎలా వెళ్తాను? కుక్క కోసం మేనకోడలి పెళ్ళి మానేశాడని మా వాళ్ళంతా చెవులు కొరుక్కున్నారట. నాకు కోపం వచ్చింది, వాళ్ళ మీద కాదు, షేరు మీద. నిజం చెబుతున్నాను, నువ్వు తిట్టుకున్నా సరే. కొన్ని రోజులు పొద్దున్నే గుమ్మం దగ్గర దాని గురక వినగానే, ఇది ఇంకా బతికే ఉందా అనిపిస్తుంది.

అది మాత్రం సుఖంగానే ఉంది. అదే నా కడుపుమంట.

నువ్వు పోయిన రెండో నెలలో దానికి బండి చేయించాను. మియాపూర్‌లో ఒక వెల్డింగు అతన్ని పట్టుకుని, ఇనపచట్రం, రెండు చక్రాలు, నడుముకి తోలు పట్టీ... మూడు ఆదివారాలు తిరిగాను. తెచ్చి కట్టాను. షేరు కదల్లేదు. ఒక పూటంతా బొమ్మలా నిలబడి నా వైపు చూసింది. పట్టీ విప్పగానే ముందుకాళ్ళ మీద సర్రున ఈడ్చుకుంటూ గేటు దాకా పోయి, పాల ఎల్లమ్మ గేదెల మీద మొరిగి, తిరిగొచ్చి పడుకుంది. మర్నాడూ అంతే, మూడోనాడూ అంతే. ఆ బండి ఇప్పుడు డాబా మీద తుప్పు పడుతోంది.

నువ్వున్నప్పుడు ఒకసారి అన్నావు, "దానికి లేని బాధ మీకెందుకు? కాళ్ళు పోయినయని అది రెండు దినాలు ఏడ్సింది, మూడోనాడు ఇడిసిపెట్టింది. మీరే పట్టుకొని కూసున్నరు." అప్పుడు నీ మీద విసుక్కున్నాను. నేను పట్టుకుని కూర్చోవడానికి కారణం నీకు తెలియదు కదా.

సరే... ఇక రాస్తాను.

రెండేళ్ళ కిందటి కార్తీకమాసం, మనింట్లో సత్యనారాయణ వ్రతం రోజు. పక్క ప్లాట్లలో ఎవరో కాంట్రాక్టరు పునాదుల కోసం రాళ్ళు పేలుస్తున్న రోజులు. పేల్చే ముందు ఎర్రజెండా పట్టుకుని ఒకతను విజిల్ ఊదుతూ సందంతా తిరిగేవాడు. ఆ విజిల్ వినగానే అందరూ ఇళ్ళల్లోకి వెళ్ళాలి, కట్టేసిన గొడ్డూ గోదా విప్పెయ్యాలి. ఎల్లమ్మ నీకు నేర్పిన పద్ధతి అది. నువ్వు నాకు నేర్పావు, "విజిల్ పడంగనే ముందు షేరును ఇడిసిపెట్టుండ్రి, తర్వాత మీ పేపరు సంగతి." విప్పితే చాలు, షేరు చెవులు వెనక్కి పెట్టి చెరువు వైపు పరిగెత్తేది. రెండు చప్పుళ్ళు అయ్యాక తోకూపుకుంటూ వచ్చేది.

ఆ పొద్దున నువ్వే దాని గొలుసు తీసేశావు. వ్రతం హడావుడిలో విప్పడం మర్చిపోతామేమోనని ముందుజాగ్రత్త. నువ్వు ప్రసాదం కలపడానికి లోపలికి వెళ్ళావు. మా సూపరింటెండెంటు గారూ వాళ్ళావిడా ఆటో దిగారు. ఆవిడకి కుక్కలంటే భయం, గేటు బయటే నిలబడిపోయింది. నేను షేరును వెనక్కి లాక్కెళ్ళి కుళాయి దగ్గరి స్తంభానికి కట్టేశాను. ఐదు నిమిషాలే అనుకున్నాను. వాళ్ళు కూర్చున్నాక విప్పుదామనుకున్నాను. ఈలోగా పురోహితుడు ముహూర్తం దాటిపోతోందని గోల పెట్టాడు, పీటల మీద కూర్చోబెట్టారు, నీ కొంగుకీ నా ఉత్తరీయానికీ ముడి వేశారు.

మూడో అధ్యాయం నడుస్తుండగా విజిల్ వినబడింది.

నువ్వు నా వైపు చూశావు. భయంతో కాదు. షేరు వదిలే ఉంది కదా, పారిపోయే ఉంటుంది అన్న నిశ్చింతతో చూశావు. నేను తల ఊపాను. ఎందుకు ఊపాను? ఈ రెండేళ్ళలో ఎన్నిసార్లు అడుక్కున్నానో ఆ ప్రశ్న... కథ మధ్యలో లేస్తే అపచారమని చిన్నప్పటి నుంచి విన్న మాట ఒకటి. లేస్తే ముడి లాగుతుంది, నువ్వూ లేవాలి, ఎందుకని అడుగుతావు, నువ్వు వద్దన్న పని చేశానని పదిమంది ముందు చెప్పాలి. సూపరింటెండెంటు గారు ఎదురుగా చేతులు జోడించుకుని కూర్చున్నారు. రాళ్ళు రోజూ ఇటు పడవు కదా అనుకున్నాను. అధ్యాయం అయ్యాక కొబ్బరికాయ కొట్టేటప్పుడు లేద్దామనుకున్నాను.

రెండో విజిల్ కూడా విన్నాను, సులోచనా. కూర్చునే ఉన్నాను.

చప్పుడు, వెంటనే షేరు అరుపు. ఉత్తరీయం నీ కొంగుకే వదిలేసి నేను పరిగెత్తాను. నువ్వు ముడి విప్పుకుని వచ్చేసరికి నాకు నిమిషం దొరికింది. ఆ నిమిషంలో ఏం చేశాను? దాన్ని ఎత్తుకోలేదు. మెడలో గొలుసు తీసి బట్టలుతికే బండ వెనక పడేశాను. నువ్వొచ్చి చూసేటప్పటికి అది వదిలిన కుక్కే. నడుము మీద రాయి పడ్డ వదిలిన కుక్క.

తర్వాత సంగతి నీకు తెలుసు. పశువుల దవాఖాన, వెన్నెముక, ఇక లేవదన్న మాట... నీకు తెలియనిది ఒక్కటే. నువ్వు ప్రతి సాయంత్రం దాని పక్కన కూర్చుని, చెవుల వెనక గోకుతూ అనేదానివి, "తప్పు నాదేరా. ఆ దినం నిన్ను కట్టేసి ఉంటే ఇంటి చాటున పడి ఉంటుంటివి. నేనే గొలుసు తీసిన." పక్కగదిలో పేపరు అడ్డం పెట్టుకుని నేను ఆ మాట వినేవాణ్ణి. ఏడాదిన్నర విన్నాను. లేచి వచ్చి, కాదు, నేను కట్టేశాను అని చెప్పడానికి పది అడుగులు. నడవలేకపోయాను.

ఆస్పత్రిలో ఆఖరి రోజుల్లో నా చెయ్యి పట్టుకుని అన్నావే, "షేరును మంచిగ చూసుకోండ్రి. నా తప్పుకు అది గట్లయింది." అప్పుడైనా చెప్పాల్సింది. నర్సు వచ్చిందనో, నువ్వు నిద్రపోయావనో రాసుకోవచ్చు. ఎవరూ రాలేదు. నువ్వు చాలాసేపు మెలకువగానే ఉన్నావు. సరే, చూసుకుంటానన్నాను. అంతే అన్నాను.

ఇప్పుడు అర్థమైందా, ఇంజెక్షనుకి ఎందుకు సరేనన్నానో? శుక్రవారం నరేందర్ వచ్చి, దాని బాధ మనం చూడలేం బావా అన్నప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. బాధ దానిది కాదని నాకు తెలుసు. ఆ రోజు నేను చేసింది చూసినవాళ్ళు ఇంట్లో ఎవరూ లేకుండా పోతారని సంతోషం. ఎంత సంతోషమంటే, నిన్న మధ్యాహ్నం దాని కోసం మాంసం తెచ్చి వండాను. ఈ ఎనిమిది నెలల్లో ఎన్నడూ తేలేదు. ఆఖరి భోజనం అనుకున్నాను.

గిన్నె పెట్టి పక్కనే కూర్చున్నాను. షేరు తింది. తిని, ఈడ్చుకుంటూ వచ్చి, చచ్చుపడ్డ ఆ వెనకభాగమంతా నా కాళ్ళ మీద వేసి, ఎండలో నిద్రపోయింది. నేను కట్టేసినవాణ్ణని దానికి తెలుసు. మెడకి గొలుసు తగిలించింది నా చేతులే కదా. ఆ మరుసటి వారం నుంచే నా కాళ్ళ మీద పడుకుంటోంది. అది నన్ను క్షమించిందనను, కుక్కకి అలాంటివి ఉంటాయో లేదో నాకు తెలియదు. పోయినవి పోయాయి, ఉన్నవి రెండు కాళ్ళు, వాటితో గేటు దాకా వెళ్ళొచ్చు... దానికి అంతే. నాకూ ఉన్నది ఇదే. ఆ పని చేసినవాణ్ణి నేనే. ఏ వెల్డింగు అతనూ దీనికి చక్రాలు బిగించలేడు. ఈడ్చుకుంటూనే నడవాలి.

ఇవాళ పొద్దున దాని పొట్ట నొక్కి, స్కూటరు మీద బోరబండ వెళ్ళాను. నరేందర్‌కి అంతా చెప్పాను, పీటల దగ్గర్నుంచి ఆస్పత్రి దాకా. వాడు ఒక్కటే అడిగాడు, అక్కకు తెలుసా అని. తెలియదన్నాను. వాడి మొహం నీకు కోపం వచ్చినప్పటి మొహం అయింది. డాక్టరును రావద్దని తనే చెబుతానన్నాడు. చెప్పులు వేసుకునేటప్పుడు నా వెనక తలుపు మూసిన చప్పుడైంది. ఆదివారాలు మనింటికి వచ్చేది వాడొక్కడే. ఇక రాడేమో... రాకపోయినా వాణ్ణి ఏమనగలను?

ఇంటికొచ్చాక ఇల్లు వెడల్పేమీ కాలేదు. మూడు గోడలూ అలాగే ఉన్నాయి. రేపూ మధ్యాహ్నం పరిగెత్తుకు రావాలి, ఎల్లుండీ రావాలి, అది బతికినన్నాళ్ళూ రావాలి. వస్తాను. నీకు మాటిచ్చినందుకు కాదు, ఆ మాట నీ తప్పనుకుని అడిగావు. అది చెల్లదు. నా తప్పుకి నేను చూసుకుంటాను.

ఆరు కావస్తోంది, లేవాలి. నువ్వు వినలేవని తెలిసీ, నీకు బతికుండగా ఇవ్వాల్సిన మాట ఇప్పుడు రాస్తున్నాను. నువ్వు గొలుసు తీసి మంచిపని చేశావు. ఏ తప్పూ నీది కాదు సులోచనా, ఒక్క సాయంత్రం కూడా నీది కాదు.

నీ
మూర్తి