తిరిగి చేయని ఫోన్

2023 మార్చి, ఆదివారం. బర్ దుబాయ్.

కోపం ఇంకా తగ్గలేదు. ఇళ్ళలో పనిచేసే మా ఆడవాళ్ళ సంఘమూ, సోనాపూర్ లేబర్ క్యాంపు మగ కార్మికుల సంఘమూ కలిసి ఆడవాళ్ళ కష్టాలకని ఒక ఫోన్ నెంబరు పెట్టి నెల అయింది. ఫోన్ వాళ్ళ దగ్గరే ఉంచారు. ఇవాళ మీటింగులో దాన్ని తీసి చూశాను. కల్బా ఊళ్ళో ఒక ఇంట్లో పనిచేసే మా దుర్గ ఏడు మిస్డ్ కాల్స్ ఇచ్చింది. ఒక్కదానికీ ఎవరూ తిరిగి చేయలేదు.

క్యాంపు సంఘం ప్రెసిడెంటు లింగన్నని అడిగాను.

"పరాయి ఆడిమనిషికి మేమెట్ల ఫోన్ చేస్తమక్కా? ఇజ్జత్ ఉండాలె గద. అవసరముంటె ఆమెనే చేస్తది" అన్నాడు.

"చేసింది కదా. బ్యాలెన్స్ లేక మిస్డ్ కాల్ ఇచ్చింది. ఊర్నించి మీ ఆవిడ ఇస్తే తిరిగి చేయరా?"

అందరూ నవ్వారు. లింగన్న కూడా నవ్వి, "ఖలాస్ అక్కా, ఇగ ఫోటో దిగుదాం. సమానత్వం బ్యానర్ మీరే పట్టుకోండ్రి" అన్నాడు.

పట్టుకోలేదు. ఫోనూ చార్జరూ సంచిలో వేసుకుని వచ్చేశాను. రెండు సంఘాల పొత్తు ఉంటుందో పోతుందో తెలియదు.

బస్సులోంచే దుర్గకి చేద్దామనుకుని ఆగిపోయాను. ఇంట్లో మోగితే మేడమ్ ఫోన్ లాక్కుంటుంది. పొద్దున ఆరింటికి దుర్గ చెత్త పడేయడానికి గేటు బయటికి వస్తుంది, అప్పుడే చేయాలి. అప్పుడూ తీయకపోతే...

ఆఖరి మిస్డ్ కాల్ బుధవారంది. ఆ తర్వాత ఒక్కటీ లేదు.