గడి నడిమధ్యన జగ్గమ్మ కప్పు

వాట్‌గంజ్, కలకత్తా, 5-1-2004
చిరంజీవి సోమశేఖరానికి సన్యాసమ్మ పెద్దమ్మ దీవెనలు.

ఫోను చెయ్యమంటావు. బూత్ పక్కింటి జగ్గమ్మది. దీపావళినాడు ఆరేసిన నా ఎర్ర దుప్పటి మాయమైతే, తీశావా అని అడిగాను. అప్పట్నుంచి మాటల్లేవు.

మీ ఆఫీసు ఆకాశం నుంచి తీసిన ఫొటోతో మ్యాపు చేసి, ఓడరేవు ఆఫీసు గోడకి పెడుతోందట. మీ పెదనాన్న ముప్ఫై ఏళ్ళు ఆ రేవులో బస్తాలు మోశారు. ఆ గోడ మీద ఆయన ఇల్లు కనబడాలి. ఇంకేమీ అడగను.
ఇట్లు, సన్యాసమ్మ
తా.క.: జగ్గమ్మ ఇల్లు కనబడక్కర్లేదు.

సాల్ట్ లేక్, 9-1-2004
పెద్దమ్మకి నమస్కారాలు.

అసలు ఫొటోలో ఒక్కో చుక్క రెండడుగులు. అంత వివరం గోడ మ్యాపుకి బరువు. అందుకని చుక్కలన్నీ కలిపి పది మీటర్ల గడులు చేస్తున్నాం. గడికి ఒకటే రంగు. నడిమధ్యన ఏ రంగుంటే గడంతా అదే. నీ ఇల్లూ జగ్గమ్మ ఇల్లూ ఒకే గడిలో పడ్డాయి. నడిమధ్య మాత్రం ఆవిడ రేకుల కప్పు మీద పడింది.
నీ సోమశేఖర్
తా.క.: మనుషులు కనబడరు. పట్టుచీర కట్టుకుని బయట నిలబడకు.

వాట్‌గంజ్, 13-1-2004
ఒరే సోమశేఖరం,

దానితో నన్ను ఒకే గడిలో కాపురం పెడతావా? ఆ నడిమధ్యని అటు జరిపింది ఎవరు? మీ ఆఫీసులో జగ్గమ్మ మనిషి ఎవడు? నాలుగు మూరలు ఇటు జరపమను. మీ సాహెబుకి ఎండు చేపలు పంపుతున్నాను.
సన్యాసమ్మ
తా.క.: మా పేట పార్టీ నాయకుడు దాదాకి చెప్పాను. ఆయనే వచ్చి జరిపిస్తాడు.

సాల్ట్ లేక్, 19-1-2004
పెద్దమ్మా,

దాదా వచ్చారు. టీ తాగి, "నడిమధ్య ఏదీ? చూపించు" అన్నారు. చూపించాను. వీధంతా బూడిద రంగు, మీ గడి ఒక్కటే ఎరుపు! "మన పార్టీ ఎర్రజెండాయే! ఎవరూ ముట్టుకోవద్దు" అని సంబరపడి వెళ్ళారు.

నాకు అనుమానమొచ్చి, డిసెంబరులో తీసిన అసలు ఫొటో తెరిచి చూశాను. జగ్గమ్మ కప్పు మీద ఎర్ర గుడ్డ, ఒక కొసన పసుపు.
సోమశేఖర్
తా.క.: నీ దుప్పటికి పసుపు అంచుండేది కదూ? చేపల వాసనకి సాహెబు సెలవు పెట్టారు.

వాట్‌గంజ్, 2-2-2004
నాయనా,

నీ ఉత్తరం పట్టుకుని దెబ్బలాటకే వెళ్ళాను. "నా మోకాళ్ళు సూడవే సన్యాసీ, రెండేళ్ళయి నిచ్చెనెక్కనేదు. ఏటి నీ దుప్పటి?" అంది. నేనే ఎక్కాను. గాలికి ఎగిరిపోయి, రేకుల మీద ఇటుకకి చిక్కుకుని ఉంది. మూణ్ణెల్లు దాన్ని దొంగని చేశాను. సిగ్గుతో ఏడుపొచ్చింది. జగ్గమ్మ టీ ఇచ్చింది.

ఇద్దరం రేవు ఆఫీసుకి వెళ్ళాం. గోడ మీద పెసరగింజంత ఎరుపు. "మా ఆయన ఇల్లు" అన్నాను. "నాది కూడానే" అంది. గుమాస్తా ఎవరిదని అడిగితే, ఇద్దరం ఒక్కసారే "మాది" అన్నాం.
పెద్దమ్మ
తా.క.: దుప్పటి దింపలేదు. మళ్ళీ ఫొటో తీస్తే ఆ గడి బూడిదైపోదూ? చలికి జగ్గమ్మ రగ్గు కప్పుకుంటున్నాను. ఇకనుంచి బూత్‌కి ఫోను చెయ్యి.